చివరి తుడుపు

మా షెడ్డులోంచి ఏ కారు బయటికి వెళ్ళాలన్నా ముందు మా మరిది భుజం మీది తువ్వాలు దాన్ని తాకాలి. అది మా మామగారు పెట్టిన అలవాటు. కడగడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం అన్నీ అయ్యాక, తాళంచెవి సొంతదారు చేతిలో పెట్టే ముందు, షెడ్డుకు పెద్దగా ఉన్న మనిషి బానెట్ ముందు నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి ఫట్‌మని దులిపి, చెయ్యి బార్లా చాపి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఒక్క తుడుపు తుడుస్తాడు. దాన్ని చివరి తుడుపు అంటాం. మామగారి తరవాత మా ఆయన తుడిచాడు. మా ఆయన పోయాక మరిది తుడుస్తున్నాడు. బడికి పంపే ముందు పిల్లవాడి తల నిమిరినట్టు ఉంటుందని కార్లవాళ్ళకు అది చూడటం భలే ఇష్టం. కొందరు ఫోటోలు కూడా తీసుకుంటారు.

నేను షెడ్డులోకి వచ్చింది మా ఆయన పోయాకే. "తెలిసిన పనే ఇస్తున్నా వదినా, కంగారు పడకు" అని మరిది నా చేతికి బకెట్టూ బ్రష్షూ ఇచ్చాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఇంట్లో గిన్నెలు తోమిన చేతికి చక్రాలు తోమడం ఎంతసేపు? కానీ నా కళ్ళు మాత్రం ఎప్పుడూ లైటు గది మీదే ఉండేవి.

లైటు గది అంటే షెడ్డు వెనక కిటికీలు లేని గది. తలుపు మూస్తే పట్టపగలు కూడా చిమ్మచీకటి. గోడల పొడవునా నిలువు లైట్లు ఉంటాయి. అవి వేస్తే కారు మీద ఉన్న ప్రతి గీతా దాక్కునే చోటు లేక బయటపడుతుంది. పాలిష్ పనంతా అక్కడే. ఆ గది గోడకు ఒక మేకు మీద మా ఆయన పాలిష్ మిషన్ వేలాడుతూ ఉండేది. పిడికి ఆయన చుట్టుకున్న నల్ల టేపు ఆయన వేళ్ళు పడిన చోటే అరిగింది. మరిది మిషన్ వేరు. అది పెద్దది, ఒకే తీరున గిర్రున తిరుగుతుంది, దానికి కోపం ఎక్కువ. మా ఆయనది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. మరిది దానికి ఊయల అని పేరు పెట్టాడు. "పిల్లల్ని పడుకోబెట్టడానికి పనికొస్తుంది గానీ పెయింటుకేం పనికొస్తుంది" అనేవాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు నేను ఊయలను మేకు మీంచి దించి, వెనక గోడకు ఆనించి పడేసిన పాత బానెట్ మీద పని నేర్చుకునేదాన్ని. మా ఆయనకు క్యారియర్ తెచ్చిన రోజుల్లో ఆయన ఎలా నిలబడేవాడో, మోచెయ్యి ఎక్కడ ఆనించేవాడో, ఎప్పుడు ఆపి ప్యాడ్ కడిగేవాడో చూసినదాన్నే. సీసాల మీద ఏం రాసుందో ఒకరిని అడగడం ఇష్టం లేక కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. మా అబ్బాయి సరుకుల వ్యాను నడుపుతాడు, రోజంతా రోడ్డు మీదే. కోడలు షెడ్డులో ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లూ తాళాలూ చూసుకుంటుంది. దాని నోటికి షెడ్డులో అందరూ భయపడతారు, నేనూ భయపడతాను.

నల్ల కారు తెచ్చినాయన రిటైరైన బస్సు డ్రైవరు. మేమంతా డ్రైవర్ గారు అనేవాళ్ళం. పని చేసినన్నాళ్ళూ ఇంకొకరి బండ్లే నడిపి, ఇప్పుడు మొట్టమొదటిసారి తన పేరు మీద కొనుక్కున్న బండి అది. నీడలో చూస్తే కాటుక డబ్బాలా నిగనిగలాడుతుంది. ఎండలోకి తెచ్చారో, వెలుగు పడిన చోటల్లా సన్నటి సుడిగీతలు, గుండ్రంగా ఒకదాని చుట్టూ ఒకటి.

"రోజూ నా చేత్తోనే కడుగుతున్నానయ్యా" అన్నాడాయన మరిదితో. "బస్సుక్కూడా ఇంత సేవ చెయ్యలేదు. అయినా చూడు, దీని మొహాన సాలీడు కాపురం పెట్టింది."

"దేంతో కడుగుతున్నారండీ?" కోడలు అడిగింది.

"డిపోలో బస్సులు కడిగే బ్రష్షుతోనే. పొడుగు కర్రది. రిటైరయ్యేటప్పుడు గుర్తుగా ఉంటుందని అడిగి తెచ్చుకున్నా."

కోడలు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆయన ముందు నవ్వితే బాగుండదు.

"వచ్చే ఆదివారం మా డిపోవాళ్ళందరం కలుస్తున్నాం. ఎండలో ఆరుబయట. కండక్టర్లంతా వస్తారు, వాళ్ళ కళ్ళు ఎలాంటివో తెలుసుగా, టిక్కెట్టు లేనివాణ్ణి బస్సు చివర్లో ఉన్నా పసిగడతారు. నా పరువు నీ చేతిలో పెడుతున్నా."

"రేపు సాయంత్రానికి అద్దం చేసి ఇస్తాను" అన్నాడు మరిది.

మరిది పనిమంతుడే. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. తెల్ల కార్లూ, ఎర్ర కార్లూ అతని చేతిలో పడితే మళ్ళీ పుట్టినట్టు బయటికి వచ్చేవి. కానీ నల్ల రంగుల్లో కొన్ని ఉంటాయి, మహా మెత్తన. పైన ఉండే పారదర్శకమైన పొర మీద గోరు తగిలినా గీత పడుతుంది, దుమ్ము రాసుకున్నా గీత పడుతుంది. ఈ కారు ఆ జాతిది. మరిది తన పెద్ద మిషన్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి, గరుకు పాలిష్ వేసి, మామూలుగా ఎలా చేస్తాడో అలాగే చేశాడు. సుడిగీతలు పోయాయి. వాటి బదులు బండి అంతా మబ్బు పట్టింది. ఎండలో పెడితే మిషన్ తిరిగిన దారులన్నీ నూనె మరకల్లా కనబడ్డాయి. మర్నాడు మళ్ళీ చేశాడు. మబ్బు కాస్త పలచబడింది, కొత్త గీతలు లేచాయి. రెండుసార్లూ చివర్లో తువ్వాలు దులిపి చివరి తుడుపు తుడిచాడు, బానెట్ కేసి చూసి మొహం ముడుచుకున్నాడు.

పొర మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే ఇంకొక్కసారి పాలిష్ పట్టడానికి మాత్రమే ఆ పొరకు ఓపిక మిగిలింది. అది కూడా సుతారంగా పడితేనే. గట్టిగా పడితే కింది రంగు పైకి తేలిపోతుంది.

"లాభం లేదండీ" అన్నాడు మరిది. "మొత్తం గీకేసి కొత్త రంగు వేయించుకోండి."

డ్రైవర్ గారు బల్ల పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. "రెండో రంగు బస్సులకు వేస్తారయ్యా. సొంత బండికి వేస్తారా? ఎక్కడో గుద్దేశాననుకుంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక సైకిలుకు కూడా తగిలించలేదు నేను."

నా చేతిలో చక్రాల బ్రష్షు ఉంది. దాన్ని బకెట్టులో వేసి, చేతులు కడుక్కుని వాళ్ళ దగ్గరికి నడిచాను.

"నేను చేస్తాను" అన్నాను. "ఊయలతో."

మరిది నా వైపు ఒక చూపు చూశాడు. చూశాక నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి కన్నా భయమే ఎక్కువ. "వదినా, ఇది పాత బానెట్ కాదు. ఆయన ప్రాణం."

అంటే నేను మధ్యాహ్నాలు ఏం చేస్తున్నానో ఇతనికి తెలుసన్నమాట.

"ప్రాణం కాబట్టే అడుగుతున్నా. నీ మిషన్‌కు ఒత్తడం తప్ప ఇంకోటి తెలీదు. దీనికి ఒత్తనిది కావాలి."

"పాడైతే?"

"పాడైతే జన్మలో మళ్ళీ లైటు గది గుమ్మం తొక్కను. బకెట్టూ నేనూ, అంతే. బాగుపడితే మీ అన్న మిషనూ, ఆ గదీ నావి. మెత్తని పెయింట్లన్నీ నా దగ్గరికే రావాలి. నువ్వు అడ్డం రాకూడదు."

"అత్తయ్యా, గట్టిగా బేరం ఆడుతున్నారే" అంది కోడలు. "చిన్నమామయ్యా, ఒప్పుకోండి. ఎలాగూ మీరు చేతులెత్తేశారుగా."

"నేనెక్కడ ఎత్తేశానే?"

"ఇందాక రంగు వేయించుకోమంది ఎవరు, మా పక్కింటివాళ్ళా?"

డ్రైవర్ గారు లేచి నిలబడ్డాడు. నన్ను పైనుంచి కిందికి చూడలేదు, నా చేతుల వైపు చూశాడు. "చెల్లెమ్మా, నువ్వు చక్రాలు కడుగుతుంటే రెండు రోజులుగా చూస్తున్నా. బోల్టు బోల్టుకూ చుట్టూ తుడిచావు. నీకే ఇస్తా" అని తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన పాత చొక్కా ఒకటి పైన వేసుకుని వచ్చాను. గుండీలు కారుకు రాసుకోకుండా వెనక వైపు వచ్చేలా తిరగేసి తొడుక్కున్నాను. "అత్తయ్యా, మీరు వస్తున్నారో పోతున్నారో తెలీటం లేదు" అని కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. ఊయలను మేకు మీంచి దించాను. ఈసారి దొంగచాటుగా కాదు, అందరూ చూస్తుండగా.

కారును బాగా కడిగి లైటు గదిలోకి తెచ్చి, డ్రైవరు వైపు వెనక తలుపు మీద మొదలుపెట్టాను. అన్నిటికన్నా మెత్తటి స్పాంజి ప్యాడ్, పిల్ల బుగ్గలా ఉండేది. అన్నిటికన్నా నున్నటి పాలిష్. చుక్కలు చుక్కలుగా పెట్టి, తక్కువ వేగంలో, అసలు ఒత్తకుండా పోనిచ్చాను. మిషన్ బరువు మిషనే మోసుకుంటుంది, నా బరువు నా కాళ్ళు మోస్తాయి, మధ్యలో కారుకు ఏ బరువూ పడకూడదు. మా ఆయన పని చేసేటప్పుడు అలాగే ఉండేవాడు, మిషన్ మీద చెయ్యి వేసి దాంతో కలిసి నడుస్తున్నట్టు. పాలిష్ పలచటి పొరలా పరుచుకుంది. ఆపి, ప్యాడ్ కడుక్కుని, మెత్తటి గుడ్డతో పొరను తుడిచి చేతి లైటు దగ్గరికి తెచ్చాను.

మబ్బు పోయింది. ఇంకాస్త వంగి చూశాను. మబ్బు పోయిన చోట సన్నటి గీతలు, వెంట్రుకల్లాంటివి, కొత్తవి.

ప్యాడ్ మార్చాను. వేగం ఇంకా తగ్గించాను. తుడిచాను. గీతలు. గుడ్డ గరుకుగా ఉందేమోనని కవరు కూడా విప్పని కొత్త గుడ్డ తెప్పించి, దాని అంచున ఉన్న చీటీ కత్తిరించి, గాలి తగిలినట్టు తుడిచాను. గీతలు. మీటరు పెట్టాలంటే భయమేసింది. నేను తీసే ప్రతి పొరా ఆ ఒక్క అవకాశంలోంచే పోతోంది.

తలుపు కొంచెం తెరిచి మరిది తల లోపలికి పెట్టాడు. "ఏం వదినా, ఊయల ఊగిందా? బిడ్డ పడుకుందా?"

"ఇంకా ఏడుస్తోంది. నువ్వు వెళ్ళు."

"జోల పాడమంటావా?"

"నీ జోల వింటే చచ్చినవాళ్ళు లేచి కూర్చుంటారు. వెళ్ళవయ్యా."

అతను వెళ్ళాక గోడకు ఆనుకుని నిలబడ్డాను. బయట నా బకెట్టు ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది, నాకు తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు. ఇంకో ప్యాడ్ వేసి, ముందు తలుపు మీద ఒక్కసారి, మా ఆయన నడిచినంత నిదానంగా నడిపించాను. అది అయ్యేసరికి కోడలు భోజనానికి పిలిచింది. పాలిష్ పొర తుడవకుండా అలాగే వదిలేసి వెళ్ళాను. ముద్ద దిగలేదు. కోడలు ఏమీ అనకుండా నా కంచంలో పెరుగు వేసింది. అది మాట్లాడకుండా ఉందంటే నా మొహం ఎలా ఉందో నాకు అర్థమైంది.

తిరిగి వచ్చి లైట్లు వేశాను. ముందు తలుపు మీద పక్క అద్దం కింద ఏదో మెరిసింది.

కార్లు కడిగేవాళ్ళకు పక్క అద్దాలంటే ఒళ్ళుమంట. ఎంత ఆరబెట్టినా వాటి డొప్పలో కాసిని నీళ్ళు దాచుకుని, అంతా అయిపోయిందనుకున్నప్పుడు ఏడ్చినట్టు కారుస్తాయి. ఇదీ అదే చేసింది. నేను లేనప్పుడు అద్దం డొప్పలోంచి నీటి చుక్కలు జారి, నేను తుడవకుండా వదిలేసిన పాలిష్ పొరను కోసుకుంటూ తలుపు అడుగుదాకా పారాయి. వేలంత వెడల్పున ఒక దారి. ఆ దారి పొడవునా పొర కొట్టుకుపోయి కింద పెయింటు బయటపడింది.

ఆ దారిలోకి చూశాను. గీత లేదు. మబ్బు లేదు. లైటు అందులో దిగి నిలబడింది, నూతిలో నీళ్ళ మీద నిలబడ్డట్టు. చేతి లైటు దగ్గరికి తెచ్చాను. అడ్డంగా, నిలువుగా, కింద కూర్చుని చూశాను. ఏమీ లేదు, ఒట్టి నలుపు.

ఆ దారి పక్కనే, చిటికెన వేలంత మేర గుడ్డతో ఒక్కసారి తుడిచాను. వెంట్రుక గీతలు వెంటనే లేచాయి.

"అమ్మాయ్!" అని అరిచాను. "ఇలా రా, పరిగెత్తుకుని రా!"

కోడలు చేతిలో ఫోనుతోనే వచ్చింది. చూపించాను. ఇటు చూసింది, అటు చూసింది. ఫోనులో ఎవరో హలో హలో అంటూనే ఉన్నారు.

"అంటే గీతలు పెడుతోంది మిషన్ కాదా అత్తయ్యా?"

"మిషన్ పొద్దున్నుంచీ తన పని తాను బంగారంలా చేస్తోంది. పాడు చేస్తోంది మనం. తుడిచి తుడిచి."

అప్పుడే నా చూపు బానెట్ మీద పడింది. దాన్ని నేనింకా ముట్టుకోలేదు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు విల్లులా వంగిన గీతల కట్ట ఒకటి ఉంది. నేను బానెట్ ముందు నిలబడి, లేని తువ్వాలు దులిపి, చెయ్యి బార్లా చాపి గాల్లో తుడిచాను. నా చెయ్యి సరిగ్గా ఆ విల్లు మీదుగా పోయింది. కోడలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"చిన్నమామయ్య చివరి తుడుపు!"

"మీ చిన్నమామయ్యది, మీ మామయ్యది, మా మామగారిది" అన్నాను. ఈ షెడ్డులోంచి ఇన్నేళ్ళుగా వెళ్ళిన నల్ల కార్లన్నీ కళ్ళ ముందు కదిలాయి, ఒక్కొక్కటీ మా ఇంటివాళ్ళ చెయ్యి మోసుకుంటూ. మా ఆయన తువ్వాలు దులిపి, చివరన మునివేళ్ళ మీద కొంచెం లేచే తీరు గుర్తొచ్చింది. ఎంత ఇష్టంగా తుడిచేవాడో. నాకు ఏడుపు రావలసింది, నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఉంటే కోడలు కూడా మొదలుపెట్టింది. ఫోనులో ఉన్నాయన విసిగి పెట్టేశాడు.

ఆ తరవాత లైటు గదిలో గుడ్డ అన్న వస్తువు ఉండకూడదని తీర్మానం చేశాం. కోడలు బీరువాలోంచి గుడ్డలన్నీ మూటగట్టి బయట పడేసింది. ఒక్కొక్క భాగం తీసుకుని, ఊయలతో నిదానంగా పాలిష్ పట్టి, మిషన్ ఆపి ప్లగ్గు పీకి దూరంగా పెట్టి, సబ్బు నురగ చల్లి కాసేపు నాననిచ్చి, పైపు మూతికి ఉన్న పిచికారీ తీసేసి నీళ్ళను దుప్పటిలా జారవిడిచేదాన్ని. పొర దానంతటదే కరిగి, నేల మధ్య కన్నంలోకి పోయేది. మిగిలిన చుక్కల్ని గాలి మిషన్‌తో ఊదేసేదాన్ని. కారును ముట్టుకునేది రెండే, స్పాంజీ, నీళ్ళూ.

చెప్పినంత తేలిక కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తడి కనబడితే తుడిచిన చెయ్యి ఇది. డిక్కీ మీద ఒక చుక్క మిగిలిపోతే నాకు తెలియకుండానే చొక్కా చెయ్యి ముందుకు లాక్కుని దాంతో తుడవబోయాను.

"అత్తయ్యా! చొక్కా!"

ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చేతులు కట్టేయమంటారా?" అంది.

"కట్టేస్తే మిషన్ ఎవరు పడతారే, మీ ఆయనా?"

బానెట్ చివరికి ఉంచుకున్నాను. ఆ విల్లు గీతల మీదకు ఊయలను పోనిచ్చేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, ముందుకు నడిచింది. నీళ్ళు వదిలాను. పొర జారిపోయింది. బానెట్‌లో గోడ లైట్లన్నీ ఒక్క వంకర లేకుండా బారులు తీరి కనబడ్డాయి. మీటరు పెట్టి చూశాం. పొర నిలిచింది.

ఆదివారానికి ముందు రోజు, నడినెత్తిన ఎండ ఉండగా కారును వాకిట్లోకి తెచ్చాను. లైటు గదిలో తప్పించుకున్నవి ఎండలో దొరుకుతాయి. మరిది స్పిరిట్ సీసాతో ఎదురొచ్చాడు. భుజం మీద తువ్వాలు ఉండనే ఉంది.

దూరం నుంచి చూసి ఆగాడు. దగ్గరికి వచ్చాడు. బానెట్ మీద ఎండ ఒక్క ముద్దగా ఉంది, చుట్టూ సాలెగూడు లేదు.

"నూనె పట్టించావు వదినా" అన్నాడు. "గీతల్లో నూనె నింపితే ఎవరికైనా మెరుస్తుంది. స్పిరిట్‌తో తుడిస్తే నిజం బయటపడుతుంది" అని తువ్వాలు తీశాడు.

నేను బానెట్‌కూ అతనికీ మధ్య నిలబడ్డాను. "స్పిరిట్ ఎంత కావాలంటే అంత చల్లు. గుడ్డ మాత్రం తగలనివ్వను."

"తుడవకుండా ఎలా తెలుస్తుంది?"

"నూనె ఉంటే స్పిరిట్‌తో కారిపోతుంది, గీతలు లేస్తాయి. నీకు తెలియనిదా?"

అతను పళ్ళు బిగించి చల్లాడు. స్పిరిట్ బానెట్ మీద పారి, ఎండకు చూస్తూ చూస్తూ ఆవిరైపోయింది. మళ్ళీ చల్లాడు. తలుపుల మీద చల్లాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, తల పక్కకు వాల్చి చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు. టార్చి తెచ్చి ఎండలోనే వేసి చూశాడు. గీత ఉంటేగా కనబడటానికి.

"ఎలా చేశావు?" అన్నాడు. కింద కూర్చునే ఉన్నాడు.

పెట్రోలు పోసే చోట చిన్న మూత ఉంటుంది కదా, అది చూపించాను. "నీ తువ్వాలుతో ఇక్కడ ఒక్కసారి తుడువు."

అనుమానంగానే తుడిచాడు, ఎప్పుడూ తుడిచినట్టే. ఎండలో ఆ మూత మీద, అరచెయ్యంత మేర, గీతలు పొడుచుకొచ్చాయి. అతను తువ్వాలు వైపు చూశాడు. మూత వైపు చూశాడు. ఇంకోసారి తుడవబోయి తానే ఆగిపోయాడు.

"ఇదంతా నేనేనా వదినా?"

"నువ్వొక్కడివేనా? మీ నాన్న, మీ అన్న, గిన్నెలు తోమే నా చెయ్యి, అందరం. గట్టి పెయింట్లు ఊరుకున్నాయి, చెల్లిపోయింది. ఇది మెత్తన కాబట్టి మొహం మీద చెప్పింది."

నేను ఊయల తెచ్చి మూతను ఒక్క వరసలో సరిచేసి నీళ్ళు వదిలాను. అతను పక్కనే నిలబడి, నా మోచెయ్యి ఎక్కడుందో చూశాడు.

డ్రైవర్ గారు వచ్చేసరికి వాకిట్లో అందరం ఉన్నాం. ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. తన బండేనా అని నెంబరు చదువుకున్నాడు. మెల్లగా దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చుట్టూ తిరిగాడు. తలుపులో తన మొహం కనబడితే మీసం సరిచేసుకున్నాడు. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"సాలీడు ఖాళీ చేసింది చెల్లెమ్మా" అన్నాడు.

ఆయన మరిది వైపు తిరిగి, "ఏదయ్యా, ఇక కానివ్వు. చివరి తుడుపు!" అన్నాడు.

ఆయనకు ఆ తుడుపంటే ఇష్టమని నాకు తెలుసు. రెండుసార్లూ దగ్గరుండి చూసి మురిసిపోయాడు. మరిది చెయ్యి భుజం మీదికి పోయింది. అందరి ముందూ, మామగారి నుంచి వచ్చిన పెద్దరికం అది. తువ్వాలు తీశాడు. బానెట్ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను, కానీ ఆపలేదు. ఆపాలనుకుంటే ఆపగలను. ఆపి గెలిస్తే అది నాకు పూర్తి గెలుపు అనిపించలేదు.

అతను ఫట్‌మని తువ్వాలు దులిపాడు. చెయ్యి బార్లా చాపాడు. బానెట్ మీద అంగుళం ఎత్తున ఆ చెయ్యి ఆగింది. కింద బానెట్‌లో ఇంకో మరిది ఇంకో తువ్వాలుతో అతని వైపే చూస్తున్నాడు. చెయ్యి అలాగే వెనక్కి మళ్ళింది. ఈ చెవి దగ్గర నుంచి ఆ చెవి దగ్గరకు, అదే విసురుతో, తన మొహమే తుడుచుకున్నాడు.

"అయిపోయింది" అన్నాడు. "ఇకనుంచి మా దగ్గర చివరి తుడుపు ఇదే."

మొదట కోడలు పకాలున నవ్వింది. తరవాత అందరం నవ్వాం. డ్రైవర్ గారు ఏమీ అర్థం కాకపోయినా మా అందరికన్నా గట్టిగా నవ్వాడు. సంగతంతా చెప్పాక మాత్రం ఆయన మొహం చిన్నబోయింది.

"అయితే నా డిపో బ్రష్షు?"

"గోడకు తగిలించుకోండి అన్నయ్యా. గుర్తుగా అడిగి తెచ్చుకున్నారుగా, గుర్తుగానే ఉండనివ్వండి."

"మరి పొద్దున లేవగానే దీన్ని కాస్త ముద్దు చెయ్యాలనిపిస్తే?"

"ధారగా నీళ్ళు వదిలి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూడండి. ఇందాక చూశారే, అలాగే. చూపు గీతలు పెట్టదు."

ఆయన తలుపు తీసేటప్పుడు కూడా పిడిని రెండు వేళ్ళతో, గాజు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బండి గేటు దాటుతుంటే మలుపులో ఉన్న గోడలూ, తీగలూ, ఆకాశమూ అన్నీ దాని ఒంటి మీదుగా జారి వెళ్ళాయి. నా ఒంట్లో రక్తం ఒక్కసారి కాళ్ళ నుంచి తల దాకా పరిగెత్తింది. వాకిట్లో అంతమంది ఉన్నారని కూడా చూడకుండా రెండు చేతులూ పైకెత్తి ఈల వేశాను. ఈల వెయ్యడం నాకు వచ్చని కోడలికి ఆ రోజే తెలిసింది.

మరుసటి వారం డ్రైవర్ గారి స్నేహితుడైన కండక్టరు ఒకాయన తన కారు తీసుకుని వచ్చాడు. అదీ నలుపే. "మొన్న మావాడి బండి తలుపులో చూసి ముగ్గురం తలలు దువ్వుకున్నామండీ" అన్నాడు. "ఊయల మేడమ్ ఎవరు?"

కోడలు చేత్తో లైటు గది చూపించింది.

నేను లోపల లైట్లు వేసుకుని, చొక్కా తిరగేసి తొడుక్కుని, ప్యాడ్ తడుపుకుంటున్నాను. గుమ్మం దగ్గర అలికిడైంది. మరిది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు. ఆ గదిలోకి అతను అడిగి వచ్చింది ఎప్పుడూ లేదు.

"వదినా" అన్నాడు. "పని చూద్దామని. లోపలికి రావచ్చా?"

"రావచ్చు" అన్నాను. "తువ్వాలు బయట పెట్టి రా."